కేంద్రకపు కింది మెట్లు: తక్కువ శక్తి స్థాయిలు, వాటి నమూనాలు

ధవళేశ్వరం నుంచి డెల్టా కాలువల్లో పడవ ప్రయాణం చేసినవారికి లాకులు బాగా తెలుసు. ఎగువ కాలువ నీటిమట్టం ఒకటి, దిగువ కాలువ మట్టం ఇంకొకటి. పడవ లాకులోకి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు, నీళ్ళు వదులుతారు, పడవ దిగువ మట్టానికి చేరాక ముందు తలుపులు తీస్తారు. పడవ సాగేది ఆ మట్టం మీదో ఈ మట్టం మీదో తప్ప రెండింటికీ నడుమ కాదు. పరమాణు కేంద్రకం శక్తి కూడా ఇలాగే మట్టాలు మట్టాలుగా ఉంటుంది. ఒక తేడా ఉంది. లాకులో నీరు మెల్లగా దిగుతుంది గాని కేంద్రకంలో ఆ నడిమి దశ లేదు. పైమట్టం నుంచి కిందిమట్టానికి ఒక్కసారిగా దిగుతుంది, ఆ తేడా ఎంతో అంత శక్తి గల గామా కిరణం బయటికి వస్తుంది.

అన్నిటికన్నా అడుగున ఉన్న మట్టాన్ని భూస్థాయి అంటారు, పైనున్నవి ఉత్తేజిత స్థాయిలు. కేంద్రకం నుంచి ఒక ప్రోటాన్‌నో న్యూట్రాన్‌నో ఊడబెరకడానికి సాధారణంగా 80 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల వరకు కావాలి, అంటే 8 ఎం.ఇ.వి. భూస్థాయికి పైన రెండు మూడు ఎం.ఇ.వి.ల లోపు ఉన్న కొద్దిపాటి మెట్లనే తక్కువ శక్తి స్థాయిలు అంటారు. పైకి పోయేకొద్దీ మెట్లు దట్టమై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కింద మాత్రం విడివిడిగా, ఒక్కొక్కటీ తన లక్షణాలతో నిలబడి ఉంటుంది. కేంద్రకం లోపలి అమరిక గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఈ కింది మెట్లు చెప్పిందే.

ఒక మెట్టును గుర్తుపట్టడానికి నాలుగు సంగతులు కావాలి: దాని శక్తి, దాని కోణీయ ద్రవ్యవేగం అంటే స్పిన్, అద్దంలో తిప్పి చూసినట్టు దిశలన్నీ తారుమారు చేస్తే దాని తరంగ ప్రమేయం గుర్తు మారుతుందో మారదో చెప్పే సమత, అది ఎంతసేపు నిలుస్తుందనే ఆయుర్దాయం. సమత మారకపోతే ధన గుర్తు, మారితే రుణ గుర్తు పెడతారు. 2+ అని రాస్తే స్పిన్ 2, సమత ధనం అని అర్థం. సీసం-208 వంటి పెద్ద కేంద్రకం వ్యాసార్ధం ఎంతంటే, ఒక మిల్లీమీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఏడు భాగాలు. అంత చిన్న చోట ఇరుక్కున్న 208 కణాలు ఒకదానినొకటి లాగుతూ నెట్టుతూ ఉంటే వాటి సమీకరణాలను ఉన్నవున్నట్టు పరిష్కరించడం ఎవరి తరమూ కాదు. అందుకే నమూనాలు. ఏ కదలిక ముఖ్యమో, ఏది పక్కన పెట్టవచ్చో తేల్చుకుని, మిగిలినదానితో ఆ నాలుగు సంగతులనూ చెప్పగలగడమే నమూనా పని. కొలిచిన మెట్లు చేతిలో లేకపోతే ఏ నమూనాకైనా తాను తప్పో ఒప్పో తెలిసే దారి లేదు. ఈ వ్యాసంలో కొలతకు ముందు చోటు ఇవ్వడానికి అదే కారణం. గోదావరి డెల్టా ఈ శాస్త్రానికి ఇచ్చిన మనిషి కూడా కొలిచేవాడే.

గొరగనమూడి నుంచి వాల్తేరుకు

భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896 డిసెంబరు 5న పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు యౌవనంలోనే ఇల్లు విడిచి, హిమాలయ ప్రాంతాల్లో యోగసాధనలో ఏళ్ళు గడిపి, స్వామి జ్ఞానానంద అయ్యారు. 1927లో జర్మనీ వెళ్ళారు. తన ఆధ్యాత్మిక గ్రంథం పూర్ణసూత్రాలను వెంట తీసుకుని వెళ్ళినవారిని అక్కడ ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం పట్టి ఆపింది. ముప్పయ్యేళ్ళు దాటిన వయసులో డ్రెస్డెన్‌లో గణితం, భౌతికశాస్త్రం మొదటినుంచీ నేర్చుకున్నారు. తరవాత ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఆచార్య డొలెయ్‌షెక్ దగ్గర ఎక్స్ కిరణాల వర్ణపటాల మీద పనిచేసి 1936లో డి.ఎస్‌సి. పొందారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఇంగ్లండు చేరి లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ చాడ్విక్ దగ్గర బీటా కిరణాల వర్ణపటాల మీద పరిశోధన చేశారు. 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్కే ఆయన. అంతకన్నా ముందు, 1914లో, బెర్లిన్‌లో బీటా కణాల శక్తి మెట్లుగా కాక అవిచ్ఛిన్నంగా పరుచుకుని ఉంటుందని అయస్కాంతంతో కొలిచి చూపించినవాడు కూడా ఆయనే. లివర్‌పూల్ తరవాత జ్ఞానానంద అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసి, 1947లో స్వదేశానికి వచ్చారు.

ఎక్స్ కిరణాల నుంచి బీటా కిరణాలకు రావడం దారి తప్పడం కాదు. స్వీడన్‌లో తండ్రి మానే సీగ్‌బాన్ ఎక్స్ కిరణాల వర్ణపటాలలో దిట్ట అయితే కొడుకు కై సీగ్‌బాన్ బీటా వర్ణపటాలలో పేరుపొందాడు. రెండు విద్యలకూ కావలసిన ఓర్పు ఒక్కటే. ఒక గీత ఎక్కడ ఉందో వెయ్యిలో ఒక వంతు తేడా లేకుండా చెప్పాలి.

కొన్నాళ్ళు ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నాక, ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు వి.ఎస్. కృష్ణ పిలుపు మీద జ్ఞానానంద 1954లో వాల్తేరు వచ్చారు. అక్కడ కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నిలబెట్టారు. 1969 సెప్టెంబరు 21న ఆయన కన్నుమూసిన తరవాత ఆ ప్రయోగశాలలకు స్వామి జ్ఞానానంద కేంద్రక పరిశోధనాలయాలని పేరు పెట్టారు. అక్కడినుంచి వెలువడిన ఎన్నో పరిశోధన పత్రాల మీద రచయితల చిరునామాగా ఆ పేరే కనిపిస్తుంది.

తెలుగునాట ఆయన గురించి రాసిన రాతల్లో కాషాయం కట్టిన శాస్త్రవేత్త అన్న ఆశ్చర్యానికే ఎక్కువ చోటు దొరికింది. ఆయన చేతిపని గురించి రాసింది తక్కువ. ఆ చేతిపనికి సాక్ష్యం 1947లో అమెరికాలో అచ్చయిన ఆయన పుస్తకం. ఎంత గాలిని తోడాలి, ఏ పంపుతో తోడాలి, మిగిలిన గాలిని ఎలా కొలవాలి అన్న అధిక శూన్యం విద్యే దాని విషయం. శూన్యం అనగానే తత్వం అనుకునేవారికి అందులో దొరికేవి పంపులు, కవాటాలు, గాజు గొట్టాలు. కేంద్రకపు మెట్లు కొలవాలంటే ముందు అవి కావాలి.

ఒక మెట్టును కొలవడం

సీసియం-137ను తీసుకుందాం. దీని అర్ధాయువు 30 ఏళ్ళు. బీటా కణం వదిలి బేరియం-137గా మారుతుంది. నూటికి 94 సార్లకు పైగా అది నేరుగా భూస్థాయిలో దిగదు, 662 కె.ఇ.వి. ఎత్తున ఉన్న మెట్టు మీద ఆగుతుంది. వెయ్యి కె.ఇ.వి.లు ఒక ఎం.ఇ.వి. ఆ మెట్టు మీద ఆగే సమయం మామూలుది కాదు. గామా కిరణం వెలువడడానికి సాధారణంగా సెకనులో లక్ష కోట్ల వంతు చాలు. ఇక్కడ అర్ధాయువు రెండున్నర నిమిషాలు. ఇలా మెట్టు మీద చిక్కుకుపోయిన కేంద్రకాన్ని ఐసోమర్ అంటారు.

చివరికి అది దిగేటప్పుడు రెండు దారులున్నాయి. ఎక్కువసార్లు 662 కె.ఇ.వి. గామా కిరణం వస్తుంది. కొన్నిసార్లు గామా పుట్టకుండానే ఆ శక్తి పరమాణువులోని ఎలక్ట్రాన్‌కు అంది, అది బయటికి దూసుకుపోతుంది. దీన్ని అంతర పరివర్తనం అంటారు. బేరియంలో అన్నిటికన్నా లోపలి కర్పరంలోని ఎలక్ట్రాన్‌ను విడదీయడానికి 37 కె.ఇ.వి. కావాలి. కాబట్టి ఆ ఎలక్ట్రాన్ 662 నుంచి 37 పోగా సుమారు 624 కె.ఇ.వి.తో వస్తుంది. రెండో కర్పరం నుంచి వచ్చేది దాదాపు 656తో వస్తుంది. బీటా వర్ణపటమాపకం పని ఈ రెండు గీతలనూ విడదీసి చూపించడం.

ఆ పరికరం సూత్రం సులువే. గాలి తీసేసిన పెట్టె, దానికి అడ్డంగా అయస్కాంత క్షేత్రం, ఒక చివర రేడియోధార్మిక పదార్థం పూసిన సన్నని రేకు, రెండో చివర సన్నని చీలిక వెనక గణకం. క్షేత్రంలో ఎలక్ట్రాన్ గుండ్రంగా తిరుగుతుంది. క్షేత్రం 200 గాస్ అయితే 624 కె.ఇ.వి. ఎలక్ట్రాన్ తిరిగే వలయం వ్యాసార్ధం సుమారు 17 సెంటీమీటర్లు. శక్తి కొంచెం మారితే వలయం మారి చీలికను తప్పిపోతుంది. అంటే పరిశోధకుడు చేయవలసింది క్షేత్రాన్ని కొంచెం పెంచడం, కొన్ని నిమిషాలు లెక్కించడం, అంకె రాసుకోవడం, మళ్ళీ కొంచెం పెంచడం. రోజంతా ఇదే. దారిలో గాలి అణువులు మిగిలి ఉంటే ఎలక్ట్రాన్ వాటికి తగిలి చెదిరి, గీత పలచబడి పక్కకు ఒరుగుతుంది. శూన్యం విద్యకూ కేంద్రకపు మెట్లకూ సంబంధం ఇక్కడే ఉంది.

రెండు గీతల ఎత్తులను పోల్చితే, అంటే లోపలి కర్పరం నుంచి ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయి, రెండో కర్పరం నుంచి ఎన్ని వచ్చాయి అని చూస్తే, దిగేటప్పుడు స్పిన్ ఎంత మారిందో తెలుస్తుంది. బేరియం-137లో పైమెట్టు స్పిన్ 11/2, సమత రుణం. భూస్థాయి స్పిన్ 3/2, సమత ధనం. ఒక్క గామాకు నాలుగు ప్రమాణాల స్పిన్‌ను మోసుకుపోవడం చాలా కష్టం, అందుకే అన్ని నిమిషాల ఆలస్యం. నడుమ 283 కె.ఇ.వి. దగ్గర 1/2+ స్థాయి ఇంకొకటి ఉంది. దానిలో దిగాలంటే అయిదు ప్రమాణాలు మోయాలి, అది ఇంకా కష్టం. ఆ మెట్టును వదిలేసి దూకేస్తుంది.

తరవాతి కాలంలో పరికరాలు మారాయి. 1948లో సోడియం అయొడైడ్ స్ఫటికం వచ్చింది. దానిలో 662 గీత వెడల్పు దాదాపు 45 కె.ఇ.వి., పక్కపక్కన ఉన్న రెండు గామాలు కలిసిపోయి ఒకే దిబ్బలా కనిపిస్తాయి. జెర్మేనియం శోధకాలు వచ్చాక 1332 కె.ఇ.వి. గీత వెడల్పు కూడా రెండు కె.ఇ.వి.లకు తగ్గింది. దిబ్బ అనుకున్నది పది గీతలై విడిపోయింది. కేంద్రక నమూనాల చరిత్రలో ఈ మార్పుకు ఏ సిద్ధాంతానికీ తీసిపోని చోటు ఇవ్వాలి.

కర్పర నమూనా

సీసియం-137 చెప్పిన ఆ మూడు స్థాయిలూ, 3/2+, 1/2+, 11/2−, ఎందుకు అవే?

న్యూట్రాన్లు, ప్రోటాన్లు విడివిడిగా కక్ష్యల్లో తిరుగుతాయని, ఆ కక్ష్యలు గుంపులు గుంపులుగా కర్పరాలు కట్టుకుని ఉంటాయని కర్పర నమూనా చెబుతుంది. కర్పరం నిండే సంఖ్యలు 2, 8, 20, 28, 50, 82, 126. వీటిని మేజిక్ సంఖ్యలు అంటారు. మొదటి మూడూ మామూలు క్వాంటం లెక్కలోనే వస్తాయి. 28 నుంచి పైవి రావు. న్యూట్రాన్ తన చుట్టూ తాను తిరిగే దిశ, కక్ష్యలో తిరిగే దిశ ఒకటే అయితే దాని శక్తి బాగా తగ్గుతుందని అనుకుంటే అన్నీ వరసగా వచ్చేస్తాయి. ఈ స్పిన్-కక్ష్య బంధాన్ని 1949లో అమెరికాలో మరియా గెప్పర్ట్ మేయర్, జర్మనీలో యెన్సెన్ తన సహచరులతో వేరువేరుగా కనిపెట్టారు. ఎన్రికో ఫెర్మీ గది దాటి వెళ్తూ స్పిన్-కక్ష్య బంధం సూచనలేమైనా ఉన్నాయా అని అడిగిన ఒక్క ప్రశ్నతో తనకు దారి కనిపించిందని మేయర్ చెప్పుకున్నారు. 1963లో ఇద్దరికీ నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది.

50కీ 82కీ మధ్య ఉన్న కక్ష్యలు అయిదు. జి7/2లో 8 న్యూట్రాన్లు పడతాయి, డి5/2లో 6, డి3/2లో 4, ఎస్1/2లో 2, హెచ్11/2లో 12. కలిపితే 32. బేరియం-137లో న్యూట్రాన్లు 81, నిండడానికి ఒక్కటి తక్కువ. ఆ ఖాళీ డి3/2లో ఉంటే భూస్థాయి, ఎస్1/2కు మారితే 283 కె.ఇ.వి., హెచ్11/2కు మారితే 662 కె.ఇ.వి. ఐసోమర్. ఖాళీ ఒక్కటే, చోటు మారుతోంది. అంతర పరివర్తనం గీతల ఎత్తులతో పరిశోధకుడు తేల్చిన స్పిన్లే ఇవి. 50, 82, 126లకు కొంచెం ముందు ఐసోమర్లు గుంపులుగా కనిపించడానికి కారణం కూడా ఇదే. కర్పరం చివర స్పిన్ బాగా ఎక్కువ ఉన్న కక్ష్య, బాగా తక్కువ ఉన్న కక్ష్య పక్కపక్కన పడతాయి.

రెండు రకాల కణాలూ మేజిక్ సంఖ్యల దగ్గర ఉన్న కేంద్రకం సీసం-208: 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు. మామూలు భారీ కేంద్రకాల మొదటి మెట్టు నూరు కె.ఇ.వి. చుట్టుపక్కలే ఉంటే దీని మొదటి మెట్టు 2615 కె.ఇ.వి. దగ్గర ఉంది. ఈ గామా కిరణం ప్రయోగశాలలోనే పుట్టనక్కరలేదు. భీమునిపట్నం వంటి ఆంధ్ర తీరపు ఇసుకలో మోనజైట్ ఖనిజం ఉంది, దానిలో థోరియం ఉంది. థోరియం మెట్టు మెట్టుగా క్షయిస్తూ బిస్మత్-212 దగ్గరికి వచ్చేసరికి దారి రెండుగా చీలుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలినట్టే. నూటికి 64 పాళ్ళు పొలోనియం-212 వైపు పోతాయి, 36 పాళ్ళు థాలియం-208 వైపు. గోదావరి పాయలు సముద్రం దాకా మళ్ళీ ఒకటి కావు గాని ఈ రెండు పాయలూ సీసం-208లో కలుస్తాయి. థాలియం నుంచి వచ్చిన పాయ దాదాపు ప్రతిసారీ ఆ 2615 మెట్టు మీద కాలు పెట్టే దిగుతుంది. మోనజైట్ ఇసుక పక్కన గామా శోధకం పెడితే వర్ణపటం కుడి చివర విడిగా నిలబడే గీత అదే.

ఆ మెట్టు స్పిన్ 3, సమత రుణం. ఒక కణాన్ని పైకక్ష్యకు ఎక్కించిన లెక్కతో ఇది సరిపోదు. ఎన్నో కణాలు కలిసి కేంద్రకం ఉపరితలాన్ని పియర్ పండు ఆకారంలోకి అటూ ఇటూ ఊపే కదలిక ఇది. కర్పర నమూనాకు కంచుకోట వంటి కేంద్రకంలోనే మొదటి మెట్టు సామూహిక కదలిక కావడం, ఒక్క నమూనాతో పని జరగదని చెప్పే సాక్ష్యం.

ఊగేవి, తిరిగేవి

ప్రోటాన్లు, న్యూట్రాన్లు రెండూ సరిసంఖ్యలో ఉన్న కేంద్రకాలన్నిటి భూస్థాయీ 0+. దీనికి మినహాయింపు ఇంతవరకు ఒక్కటీ లేదు. ఒకే కక్ష్యలోని రెండు కణాలు ఎదురెదురు దిశల్లో తిరుగుతూ జత కట్టడం వల్ల ఇది వస్తుంది. ఆ జత విడగొట్టాలంటే మధ్యరకపు కేంద్రకంలో రెండు ఎం.ఇ.వి. దాకా కావాలి. అయినా వీటిలో ఒక ఎం.ఇ.వి.కి ఎంతో కింద 2+ మెట్లు కనిపిస్తాయి. జత విడకుండానే శక్తి తీసుకునే మార్గం ఏదో ఉండాలి. అది కేంద్రకం మొత్తం కదలడమే. నీల్స్ బోర్ 1930లలో కేంద్రకాన్ని ద్రవబిందువుతో పోల్చాడు. ఆ బిందువు గుండ్రంగా లేకపోతే ఏమవుతుందని 1950లో రెయిన్‌వాటర్ అడిగాడు. నీల్స్ బోర్ కొడుకు ఆగె బోర్, మోటెల్సన్ కలిసి కోపెన్‌హేగెన్‌లో 1952, 53లలో దాన్ని పూర్తి సిద్ధాంతం చేశారు. ఈ ముగ్గురికీ 1975లో నోబెల్ వచ్చింది.

గుండ్రంగా ఉన్న బిందువు ఊగుతుంది. ఊగిసలాటలో మెట్లు సమాన దూరంలో ఉంటాయి, కాబట్టి రెండో మెట్టు మొదటిదానికి రెండింతల ఎత్తున, 0+, 2+, 4+ అనే మూడు స్థాయిలుగా రావాలి. ఆసుపత్రుల్లో క్యాన్సర్ చికిత్సకు వాడిన కోబాల్ట్-60 క్షయించి వచ్చే నికెల్-60లో మొదటి 2+ మెట్టు 1332 కె.ఇ.వి. దగ్గర ఉంది. ఆ మూడూ 2665 దగ్గర ఉండాలి. ఉన్నది 2+ 2159, 0+ 2285, 4+ 2506 దగ్గర. మూడూ ఉన్నాయి, దగ్గరదగ్గరగానే ఉన్నాయి, కాని చెప్పిన చోట లేవు. కోబాల్ట్ వదిలే 1173, 1332 కె.ఇ.వి. జంట గామాలు 4+ నుంచి 2+కు, అక్కడినుంచి 0+కు దిగినవే. ఆ స్పిన్లు అవేనని ఎలా తెలుసు? రెండు శోధకాలను ఒకదానికొకటి ఎదురుగా పెట్టి రెండు గామాలూ ఒకేసారి వచ్చిన సందర్భాలు లెక్కించి, తరవాత ఒకదానిని లంబకోణానికి జరిపి మళ్ళీ లెక్కిస్తారు. 4, 2, 0 అనే వరసకు ఎదురెదురుగా ఉన్నప్పటి లెక్క ఆరో వంతు ఎక్కువ రావాలి. అలాగే వస్తుంది.

గుండ్రంగా లేని కేంద్రకం సంగతి వేరు. అది తిరుగుతుంది. తిరిగేదాని మెట్లు 6, 20, 42 నిష్పత్తిలో ఉండాలని క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. ఎర్బియం-166 తీసుకోండి. మొదటి 2+ మెట్టు 80.6 కె.ఇ.వి. ఆ లెక్కన 4+ మెట్టు 269 దగ్గర, 6+ మెట్టు 564 దగ్గర ఉండాలి. కొలిచినవి 265, 545. నమూనాకు ఇంత దగ్గరగా నడిచే అంకెలు ఈ శాస్త్రంలో అరుదు. ఉన్న కొద్దిపాటి తేడా కూడా ఒక సంగతి చెబుతోంది. తిరిగే వేగం పెరిగేకొద్దీ కేంద్రకం కొంచెం సాగుతోంది, దాని జడత్వ భ్రామకం పెరుగుతోంది.

ఆ జడత్వ భ్రామకమే అసలు చిక్కు. ఒక ఉడకబెట్టిన కోడిగుడ్డును, ఒక పచ్చి గుడ్డును బల్ల మీద పడుకోబెట్టి బొంగరంలా తిప్పి చూడండి. ఉడికినది హాయిగా తిరుగుతుంది, వేలు ఆనిస్తే అక్కడికక్కడ ఆగిపోతుంది. పచ్చిది తడబడుతుంది. పట్టుకుని ఆపి వెంటనే వదిలితే మళ్ళీ మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది, లోపలి సొన ఇంకా ఆగలేదు కనక. ఎర్బియం-166 ఉడికిన గుడ్డులా గట్టిగా ఉంటే దాని జడత్వ భ్రామకం ఎంత ఉండాలో లెక్కవేయవచ్చు. మెట్లు చెప్పే విలువ అందులో సగానికి దగ్గరగా ఉంది. ఏ రాపిడీ సుడీ లేని ద్రవం అనుకుంటే వచ్చే విలువ ఇంకా బాగా తక్కువ. కేంద్రకం ఈ రెండింటి నడుమ ఉంది. కారణం జతలే. జతకట్టిన కణాలు భ్రమణానికి లొంగవు, అతివాహకంలో ఎలక్ట్రాన్ జతలు రాపిడికి లొంగనట్టు. 1957లో అతివాహకత సిద్ధాంతం వచ్చిన మరుసటి ఏడాదే బోర్, మోటెల్సన్, పైన్స్ ఈ పోలికను కేంద్రకాలకు తెచ్చారు.

సాగిన కేంద్రకంలో ఒక్కొక్క కణం కక్ష్య ఎలా మారుతుందో 1955లో స్వీడన్‌కు చెందిన నిల్సన్ లెక్కవేసి పటాలు గీశాడు. బేసి సంఖ్య కేంద్రకాలను చదివేవారు ఇప్పటికీ ఆ పటాలనే ముందు తెరుస్తారు.

బోసాన్లు, సౌష్ఠవాలు, తెలుగువారు

ఊగడం, తిరగడం రెండు కొసలైతే ఎక్కువ కేంద్రకాలు నడుమ ఎక్కడో ఉంటాయి. 4+ మెట్టు ఎత్తును 2+ మెట్టు ఎత్తుతో భాగిస్తే ఊగేదానికి 2, తిరిగేదానికి 3.33 రావాలి. నికెల్-60కు 1.88, ఎర్బియం-166కు 3.29, ప్లాటినం-196కు 2.46.

నడుమ ఉన్నవాటిని కూడా ఒకే చట్రంలో పెట్టే నమూనాను 1970ల మధ్యలో అరిమా, యాకెల్లో ఇచ్చారు. కర్పరం బయట ఉన్న కణాలను జతలుగా లెక్కించి, ఒక్కొక్క జతను ఒక బోసాన్ అనుకుంటారు. స్పిన్ 0 ఉన్నది ఎస్ బోసాన్, స్పిన్ 2 ఉన్నది డి బోసాన్. దగ్గరలోని మేజిక్ సంఖ్య నుంచి లెక్కించడం ఇందులో నియమం. ఎర్బియం-166లో 68 ప్రోటాన్లు, 82కు పద్నాలుగు తక్కువ, అంటే 7 బోసాన్లు. 98 న్యూట్రాన్లు, 82కు పదహారు ఎక్కువ, అంటే 8. మొత్తం 15. నూట అరవై ఆరు కణాల సమస్య పదిహేను బోసాన్ల సమస్య అయింది. దీనిలో మూడు సౌష్ఠవాలు దొరుకుతాయి. ఒకటి ఊగే కేంద్రకాలకు, ఒకటి తిరిగే కేంద్రకాలకు సరిపోతుంది. మూడోదానితో 1978లో ప్లాటినం-196 మెట్లు సరిపోయాయి.

ఈ భాగంలో తెలుగువారి పని గట్టిది. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనా ప్రయోగశాలలో దశాబ్దాలు పనిచేసిన వి.కె.బి. కోట, వై.డి. దేవితో కలిసి, ఎస్, డి బోసాన్లకు తోడు స్పిన్ 4 ఉన్న జి బోసాన్‌ను కూడా చేర్చిన నమూనాను విస్తరించారు. కేంద్రకం కోడిగుడ్డులా సాగడంతో పాటు ఇంకా సూక్ష్మంగా వంపులు తిరిగి ఉంటే ఆ వంపుల లెక్క జి బోసాన్‌తో గాని రాదు. దీని మీద వారి సమీక్షా వ్యాసం 1992లో ప్రమాణ పత్రికలో వచ్చింది. 1996లో ఇద్దరూ కలిసి కర్పర నమూనాకు, బోసాన్ నమూనాకు పాఠాల రూపంలో పుస్తకం రాశారు. ఎస్‌యు(3) సౌష్ఠవం మీద కోట రాసిన గ్రంథం 2020లో వెలువడింది. ఆ సౌష్ఠవాన్ని 1958లో ఎలియట్ తెచ్చాడు. ఒక్కొక్క కణం కక్ష్యల నుంచి మొదలుపెట్టి తిరిగే కేంద్రకపు మెట్లను రాబట్టే దారి, అంటే కర్పరానికీ బిందువుకూ మధ్య వంతెన, మొదట అక్కడే దొరికింది.

పెద్ద మాత్రికలు

కంప్యూటర్లు వచ్చాక కర్పర నమూనాకు కొత్త ప్రాణం వచ్చింది. పద్ధతి ఇది: కర్పరం బయటి కణాలు ఆ కక్ష్యల్లో ఎన్ని విధాలుగా సర్దుకోగలవో అన్నీ రాసి, ఒక్కొక్క సర్దుబాటుకూ మరొకదానికీ మధ్య బలాన్ని మాత్రికలో నింపి, అడుగున ఉన్న మెట్లను రాబట్టడం. సిలికాన్-28కు ఆ సర్దుబాట్లు 93,710. నికెల్-56కు పై కర్పరంలో లెక్కిస్తే నూట ఎనిమిది కోట్లకు పైన. అంత మాత్రికను ఎవరూ పూర్తిగా పరిష్కరించరు, అడుగున ఉన్న కొద్ది విలువలను లాగే లాంచోష్ పద్ధతి వాడతారు. ఇందులో పెట్టే బలాలు కూడా కొలిచిన మెట్ల నుంచే వస్తాయి. 1984లో వైల్డెంథాల్ తయారుచేసిన బలంలో రెండు కణాల మధ్య విలువలు 63, ఒక్కొక్క కణానికి 3. ఆ 66 అంకెలనూ వందల మెట్ల శక్తులకు సరిపోయేలా దిద్దారు.

మాత్రిక అంత పెద్దదైనప్పుడు ఒక్కొక్క మెట్టునూ వెతకకుండా మొత్తం పంపిణీ ఆకారాన్ని అడగవచ్చని ఫ్రెంచ్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. కోట పనిలో మరో పెద్ద పాయ ఇదే. ఈ యాదృచ్ఛిక మాత్రికల మీద ఆయన గ్రంథం 2014లో వచ్చింది. ఇదే దారిలో 1998లో ఒక వింత బయటపడింది. కణాల మధ్య బలాలను ఏ నియమమూ లేకుండా చీట్లు తీసినట్టు పెట్టినా, సరిసంఖ్య కేంద్రకాల భూస్థాయి ఎక్కువసార్లు 0+గానే వస్తుంది. జతల బలం వల్లే 0+ వస్తుందని అంతవరకు అనుకున్నవారంతా మళ్ళీ మొదటికి వెళ్ళి ఆలోచించవలసి వచ్చింది.

మేజిక్ సంఖ్యలు కూడా శాశ్వతం కావు. 20 న్యూట్రాన్లు ఉన్న సిలికాన్-34లో మొదటి 2+ మెట్టు 3.3 ఎం.ఇ.వి. ఎత్తున ఉంది, మేజిక్ కేంద్రకానికి తగినట్టే. రెండు ప్రోటాన్లు తగ్గి మెగ్నీషియం-32 అయ్యేసరికి అదే మెట్టు 885 కె.ఇ.వి.కి కూలిపోయింది. న్యూట్రాన్లు అవే 20, కర్పరం మాత్రం లేదు. సీసం-186లో ఇంకో రకం వింత ఉంది. భూస్థాయికి 700 కె.ఇ.వి.ల లోపే మరో రెండు 0+ స్థాయిలున్నాయి. మూడు స్థాయిలకూ మూడు ఆకారాలు: గుండ్రనిది, సాగినది, చదునైనది. ఊగే కేంద్రకాలకు పాఠ్యపుస్తకాల ఉదాహరణ అయిన కాడ్మియం ఐసోటోపులు కూడా, వాటి మెట్ల ఆయుర్దాయాలను నిశితంగా కొలిచాక, అంత శుభ్రంగా ఊగడం లేదని తేలింది. శక్తులు మాత్రమే చూసి నమూనాను నమ్మినచోటల్లా ఇలాంటి దిద్దుబాట్లు వస్తున్నాయి.

ఇంతవరకు తెలిసిన కేంద్రక స్థాయిల్లో భూస్థాయికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది థోరియం-229లోది. ఎత్తు 8.36 ఎలక్ట్రాన్ వోల్టులు, కె.ఇ.వి.లు కూడా కావు. రెండు నిల్సన్ కక్ష్యల శక్తులు దాదాపు ఒకటే కావడం వల్ల ఇలా జరిగింది. వేల ఎలక్ట్రాన్ వోల్టుల తేడాతో చెప్పగలిగితే గొప్ప అనుకునే నమూనాలకు ఈ అంకె అందదు. 2024లో అతినీలలోహిత లేజర్ కాంతితో కేంద్రకాన్ని ఆ మెట్టు ఎక్కించారు. కేంద్రకాన్ని గడియారంగా వాడుకునే ప్రయత్నాలకు అదే ఆధారం. థోరియం-229 యురేనియం-233 నుంచి పుడుతుంది. యురేనియం-233 థోరియం-232 న్యూట్రాన్‌ను పట్టుకుంటే పుడుతుంది. ఆ థోరియం-232 మోనజైట్ ఇసుకలో, భీమునిపట్నం ఒడ్డున, అలలు తగిలే చోట నల్లగా చారలు కట్టి ఉంది.